ఇంకా రాని ఆటకు నేను కుట్టిన పుస్తకం

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి శుభ్రమైన పని ఒక దొంగతనం. అది దొంగతనమా కాదా అన్న విషయంలో నాకూ మా ఆవిడకూ ఇంతవరకూ ఏకాభిప్రాయం రాలేదు. నేను దాన్ని సంకలనం అంటాను. ఆవిడ నవ్వుతుంది.

ఈ మధ్య మా వీధిలోని కాలేజీ కుర్రాళ్లు చెప్పగా తెలిసింది. బజారులోకి ఇంకా రాని బోర్డు ఆటల గురించి, తయారుచేసేవాళ్లు ముందుగా చూపించే బొమ్మలు, కార్డులు, నియమాల ముక్కలు అన్నీ అభిమానులు పోగుచేసి, ఒక ఫైలుగా పేర్చి పంచుకుంటారట. అందులో తప్పుందని కొందరూ, లేదని కొందరూ ఫోన్లలో కొట్టుకుంటున్నారట. నాయనలారా, ఆ వాదన నేను ఎప్పుడో చేసి, గెలిచాననుకుని, ఓడిపోయి ఉన్నాను. అందుకే పెట్టెలోంచి పాత డైరీలు దించి ఇది రాస్తున్నాను.

నేను అప్పట్లో బస్తరు కొండల్లోని కిరండూల్‌లో, గని ప్లానింగ్ విభాగంలో, నక్షాల గదికి బాధ్యుణ్ణి. కొండ మీద ఇనుపరాయి తవ్వేవాళ్లు, కింద దాన్ని రైలెక్కించేవాళ్లు, మధ్యలో కాగితాలు చూసుకునే నేను. ప్రతి నక్షాకూ ఒక నంబరు, ఎన్నోసారి మార్చిందో చెప్పే అంకె, ఎన్నో కాపీ అన్న అంకె, తీసుకున్నవాడి సంతకం. కొత్త నక్షా వస్తే పాత కాపీ ఉన్న ప్రతివాడి దగ్గరికీ వెళ్లి, దాన్ని వెనక్కి తెచ్చి, ఎర్ర సిరాతో 'రద్దు' అని ముద్ర కొట్టాలి. పూర్తికాని నక్షా గది గడప దాటకూడదు. పాత కాగితం పట్టుకుని ఎవడైనా కొండకు రంధ్రాలు వేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పెద్ద ఇంజనీరు వచ్చి "జరా దిఖాయియే" అంటే చూపించేవాణ్ణి. "లే జాతా హూఁ" అని పట్టుకెళ్లబోతే మాత్రం రిజిస్టరు ముందుకు తోసేవాణ్ణి. ఆయన నన్ను ఎంత తిట్టుకున్నాడో ఆయన డైరీలో ఉండుంటుంది.

ఇంటర్నెట్ మా టౌన్‌షిప్‌కి వైరు మీద కుంటుకుంటూ వచ్చిన రోజులవి. అక్కడ వానాకాలం నాలుగు నెలలూ పొగమంచు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. క్లబ్బులో క్యారమ్ బోర్డు చెమ్మకు ఉబ్బిపోయి, స్ట్రైకరు ఎటు కొట్టినా ఒకే మూలకు పోయేది. అలాంటి ఒక ఆదివారం మా సర్వేయరు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. శ్రీకాకుళం మనిషి. ఏ చుట్టరికమూ లేకుండానే నన్ను బావా అనేవాడు.

"ఇది చూసేవా బావా? మన రైలు మీద ఆట తయారుచేస్తందంట ఒకావిడ."

"రైలు మీద మనం ఆడేదేమిటి? అదే రోజూ మనతో ఆడుకుంటోంది కదా."

"నువ్వు చదువెహె ముందు."

ఆవిడ విజయనగరం వైపు స్కూల్లో లెక్కల టీచరు. తండ్రి మా లైనులోనే గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. ఘాట్‌లోని ఒక చిన్న స్టేషన్ క్వార్టర్స్‌లో పెరిగిందట. బల్ల మీద పరుచుకుని నలుగురు ఆడే ఆట. కిరండూల్ నుంచి విశాఖ దాకా ఒంటి లైను, సొరంగాలు, ఎదురెదురుగా వచ్చే బండ్లు, వానలు, ఇంజన్ల మొరాయింపు. ముందుగా ఖనిజం దించినవాడు గెలుస్తాడు. ఆట ఇంకా పూర్తికాలేదు. ప్రతి ఆదివారం తన బ్లాగులో ఒక ముక్క చూపించేది. ఒక కార్డు బొమ్మ, రెండు వాక్యాల నియమం, చివర ఒక చిన్న హాస్యం.

నేను మొదటి వారం చదివాను. రెండో వారం ప్రింటు తీశాను. మూడో వారం ఫైలు తెరిచాను. నా బోటివాడికి ఫైలు తెరవడమంటే తాగుబోతుకు సీసా మూత తీయడంతో సమానం.

ఏడాది తిరిగేసరికి ఆవిడ చల్లిన ముక్కలన్నీ నా దగ్గర అరవై నాలుగు పేజీలయ్యాయి. స్టేషన్లు ఒకచోట, ఇంజన్లు ఒకచోట, వాతావరణం కార్డులు ఒకచోట, వెనక అకారాది సూచిక. స్టేషన్లను ఊళ్ల వరుసలో పెట్టకుండా, బండ్లు ఒకదాన్నొకటి దాటగలిగేవి, దాటలేనివి, ఇంజను మార్చుకునేవి అని మూడు తరగతులు చేశాను. దానికి రెండు నెలలు పట్టింది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆవిడ వేసవిలో బండికి అయిదు వ్యాగన్లంది, దసరాకి నాలుగంది. పాతదాన్ని రద్దు చేయాలని నాకు కదా తెలియాలి. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నవాణ్ణి, ఇంట్లో చొక్కా విప్పగానే ఆ తెలివి కూడా విప్పి కొక్కేనికి తగిలించాను. అయిదే బాగుందనిపించి అయిదు ఉంచాను.

రెండో చిక్కు పెద్దది. కొండచరియ విరిగిపడే కార్డు బొమ్మ మాత్రం ఆవిడ చూపించింది. అది పడితే ఏమవుతుందో చెప్పలేదు. 'ఇది ఆట మీ చేతికొచ్చాక' అని రాసి ఊరుకుంది. ముప్పై ఒకటో పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ పేజీని చూస్తే నాకు చొక్కాకి గుండీ ఊడినట్టుంటుంది. రెండు రోజులు ఆలోచించి నేనే నింపాను. కొండచరియ పడితే ఖాళీ బండి ఆగిపోవాలి, లోడు బండికి దారి ఇవ్వాలి, లోడు బండికి ఆటంకం లేదు. చివర ఆవిడ ధోరణిలో ఒక హాస్యం కూడా అతికించాను. ఆవిడ మాట ఎక్కడ ఆగిందో, నా మాట ఎక్కడ మొదలైందో ఏ గుర్తూ పెట్టలేదు. ఆ పేజీ ఎంత బాగా కుదిరిందంటే, కొన్నాళ్లకు అది నేను రాసిందన్న సంగతే నేను మరిచిపోయాను.

బజారులో జిరాక్సు తీయించి, నలభై ఒక్క కాపీలు కుట్టించాను. ప్రతి కాపీకీ నంబరు వేశాను. నక్షాల గదిలో నాతో పనిచేసే అటెండరు తెలంగాణ సరిహద్దులోని మద్దేడ్ మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఒక పుస్తకం తీసుకుని తిప్పి చూశాడు.

"పుస్తకమే కుట్టిచ్చిన్రా సార్? ఆ మేడంను అడిగిన్రా?"

"అడగడానికేముంది? ఆవిడ లోకమంతటికీ చూపించిందే కదా."

"చూపెట్టుడు వేరు, ఇచ్చుడు వేరు కద సార్. మన గదిల అందరొచ్చి నక్షాలు చూస్తరు. ఒక్కల్నన్న పట్కపోనిస్తరా మీరు?"

"అది గని. ఇది ఆట."

"మంచిగున్నది. గనికేమో రూలు, ఆటకు లేదు."

ఆ రోజు డైరీలో 'అటెండరు అనవసర ప్రసంగం' అని ఉంది. ఇప్పటికీ కొట్టేయలేదు, డైరీలో కొట్టివేతలు నాకు పడవు.

ఆ వానాకాలమంతా టౌన్‌షిప్ అదే ఆడింది. చార్టు కాగితం మీద లైను గీసుకున్నారు. వ్యాగన్లకు కొండ మీది ఇనుపరాయి ముక్కలే. పుస్తకం పక్కనున్న బచేలి వెళ్లింది, గీదం వెళ్లింది. నన్ను చూడగానే జనం లేచి కుర్చీ ఇచ్చేవారు. అయిదారు వారాలు గడిచాక ఆ మర్యాద తగ్గింది. ఎవరు ముందుగా బండి నింపితే వాడే గెలుస్తున్నాడు. లోడు బండిని ఆపేది ఏదీ లేదు. మిగతా ముగ్గురూ పక్కన నిలబడి వాడికి జెండా ఊపడమే.

"ఇది ఆట కాదు బావా, సీనియారిటీ లిస్టు," అన్నాడు సర్వేయరు. "ముందు చేరినోడే ముందు పైకెల్తాడు. దీనికి క్లబ్బుకెందుకు, ఆఫీసుకెల్తే సరిపోద్ది."

"పాపం, టీచరమ్మ సరిగ్గా ఆలోచించలేదు," అన్నాను నేను.

అవును, నేనే అన్నాను. డైరీలో కూడా ఉంది.

దసరా ముందు ఆవిడ బ్లాగులో కొత్త కబురు పెట్టింది. ఆట పూర్తయింది. శివకాశిలో ఒక ప్రెస్సువాళ్లు అచ్చు వేస్తామన్నారు. అయితే దీపావళిలోగా రెండు వందల మంది ఆట కావాలని పేర్లు రాసి పంపాలి. లేకపోతే వాళ్లు ముట్టుకోరు. తనకు ఇక వేరే దారి లేదు, ఆరేళ్ల పనికి అక్కడితో సెలవు. ఇప్పటికి నూరు దాటాయి. 'ఆ కొండల కింద ఉన్నవాళ్లు కాకపోతే దీన్ని ఇంకెవరు అడుగుతారు' అని రాసి, తనే చేత్తో చేసిన ఆటను పట్టుకుని వచ్చే ఆదివారం కిరండూల్ వస్తున్నానంది.

పాసింజరులో వచ్చి రైల్వే క్వార్టర్స్‌లో వాళ్ల పిన్నిగారింట్లో దిగింది. ఆదివారం చర్చి వదిలిన తర్వాత క్లబ్బు హాలులో ముప్పై నలభై మందిమి చేరాం. నలభై దాటని మనిషి, సన్నగా ఉంది, చేతిలో ప్లైవుడ్ పెట్టె. బల్ల మీద విప్పింది. కొండలు, సొరంగాలు, వాగుల మీద వంతెనలు, అన్నీ తన చేత్తో రంగులు వేసింది. ఘాట్ స్టేషన్లలో కోతులు కూడా ఉన్నాయి. మా సూచికలో కోతులు లేవు.

"నలుగురు రండి. ఒక ఆట వేద్దాం," అంది.

ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒకాయన మర్యాదగానే అన్నాడు. "మేం ఆడేసేం మేడం."

"ఆడేసేరా? ఎక్కడాడేరు?"

సర్వేయరు తన కాపీ తెచ్చి ఇచ్చాడు. ఆయనకు ఏ పాపమూ తెలియదు, అభిమానంగానే ఇచ్చాడు. ఆవిడ నిలబడే చదివింది. మొదట నవ్వింది. తన వాక్యాలు ఎదురొచ్చినప్పుడల్లా తల ఊపింది. సూచిక చూసి "ఇది ఎవరు చేసేరండి?" అంది. ముప్పై తలలు నా వైపు తిరిగాయి. నేను లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాను.

"ఎంత శ్రద్ధగా చేసేరండీ. నాకే లేదు సూచిక."

నేను ఇంకొంచెం నిటారయ్యాను. ఆవిడ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. రెండుసార్లు చదివింది.

"ముప్పై ఒకటో పేజీలో కొండచరియ గురించి ఉందండి. ఈ రూలు మీకెక్కడ దొరికింది?"

అప్పుడు గుర్తొచ్చింది. కళ్ల ముందు ఆ ఖాళీ పేజీ, రెండు రోజుల ఆలోచన, ఆ హాస్యం, అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. నా ముందు ముప్పై మంది. అందరి సంతకాలూ నా రిజిస్టరులో ఉన్నవాళ్లే.

"మీ బ్లాగులోనే," అన్నాను. "ఏదో ఆదివారం."

ఆవిడ పుస్తకం మూసి నా వంక చూసింది. "అలాగాండి. అయితే నేనే రాసి మరిచిపోయుంటాను," అంది.

దాంతో హాలుకు సంగతి స్పష్టమైపోయింది. ఆ రూలు తనదేనని ఆట తయారుచేసినావిడే ఒప్పుకుంది, ఇక ఆటలోనే పస లేదు. మొహమాటానికి పదకొండు మంది పేర్లు రాశారు. ఆవిడ కొండల్నీ సొరంగాల్నీ కోతుల్నీ మడిచి పెట్టెలో సర్దుకుంది. పెట్టె మోయడానికి అటెండరు సాయం వెళ్లాడు. నేను ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాను.

భోజనం వేళకు అటెండరు మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, ఆ పేజీ మీరు నా ముంగటనే రాసిన్రు. 'గిది సూడు ఎట్లున్నది' అని నన్నడిగిన్రు."

"నువ్వేమన్నావు?"

"మంచిగున్నదన్న. నాదీ తప్పే. మేడం రేపు పొద్దుగాల బండికి పోతది." అని చెప్పి వెళ్లిపోయాడు.

లోపల నుంచి మా ఆవిడ అంది. "చొక్కా వేసుకోండి."

నేను వెళ్లేసరికి టీచరమ్మ పిన్నిగారి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాకు కుర్చీ వేసింది. దారి పొడవునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. అందులో 'అనివార్య పరిస్థితులు' అన్న మాట కూడా ఉంది. కూర్చున్నాక ఒక్కటే వచ్చింది.

"ఆ పేజీ నేను రాశానమ్మా."

"తెలుసండి బాబాయిగారూ."

"ఎలా తెలిసింది?"

"మా నాన్న గ్యాంగ్‌మన్ కదండి. కొండచరియకి లోడు బండేదో, ఖాళీ బండేదో తెలీదు. ఎవరి మీదైనా పడతాది. లోడు బండిని చూసి కొండ ఆగతాదని ఆఫీసులో కూర్చున్నోళ్లు తప్ప ఎవరూ అనుకోరు."

ఆవిడ పెట్టెలోంచి కొండచరియ కార్డు తీసి చూపించింది. అది పడితే ఎదురెదురుగా ఉన్న రెండు బండ్లవాళ్లూ తమ వంతు వదులుకుని, కలిసి రాళ్లు తీయాలి. ఒకడు నేను తీయనంటే ఇద్దరూ అక్కడే ఉండిపోతారు, మూడోవాడు గెలుస్తాడు. గెలవాలంటే శత్రువును బతిమాలుకోవాలి.

"ఇదొక్కటే దాచేనండి. మిగతాదంతా చూపించేసేను. ఇదే ఆట మరి."

"నేను పుస్తకం వేయడమే తప్పంటావా?"

ఆవిడ ఒలిచిన గింజలు గిన్నెలో వేసింది. "ముక్కలు చూపించింది నేనే కదండి. పోగుచేసుకుంటే కోపమెందుకు, నాకు సంతోషమే. నాకోసం ఏడాదిపాటు ఆదివారాలు కూర్చున్నారు మీరు, మా స్టాఫు రూములో ఒక్కళ్లూ కూర్చోలేదు. కానీ ముక్కలన్నీ కలిపితే అది ఆటయిపోద్ది. పూర్తికాని ఆట. దానిమీద నా పేరుంది. ఇది పూర్తికాలేదు, మారిపోద్ది అని పైన ఒక్క ముక్క లేదు. నా మాటకీ మీ మాటకీ మధ్య ఒక గీత లేదు."

"ముందే అడిగుంటే ఒప్పుకునేదానివా?"

"ఏమోనండి. అడగలేదు కదా. ఇప్పుడెలా తెలుస్తాది?"

నలభై ఒక్క కాపీలూ వెనక్కి తెస్తానన్నాను. ఎవరెవరి దగ్గరున్నాయో ఎలా తెలుస్తుందని అడిగింది. సంచిలోంచి రిజిస్టరు తీసి ఇచ్చాను. నంబర్లు, పేర్లు, తేదీలు, సంతకాలు. ఆవిడ పేజీలు తిప్పింది, తిప్పుతూనే నవ్వడం మొదలుపెట్టింది. పిన్నిగారు కూడా బయటికొచ్చి చూసింది.

"నన్నడగడం మర్చిపోయేరు గానీ, సంతకాలు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నారే," అంది.

మర్నాటి నుంచి వెనక్కి తెచ్చే పని మొదలైంది. అది నాకు కొత్త కాదు. కొత్తదేమిటంటే, ప్రతి గుమ్మంలోనూ ముప్పై ఒకటో పేజీ నాది, హాలులో అబద్ధం చెప్పాను అని చెప్పాలి. మొదటి ఇంట్లో చెప్పడానికి అరగంట, రెండు టీలు పట్టాయి. ఇరవయ్యో ఇంటికి వచ్చేసరికి ఒక్క ఊపిరిలో చెప్పి, పుస్తకం తీసుకుని, ముద్ర కొట్టుకుని బయటపడేవాణ్ణి. తప్పు ఒప్పుకోవడం కూడా అభ్యాసం మీద వస్తుంది, ఎవరూ శిక్షణ ఇవ్వరు గానీ.

సర్వేయరు విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే వానాకాలమంతా నీ సీనియారిటీ లిస్టే ఆడేమా బావా?"

"అవును."

"ఆవిణ్ణి తిట్టుకున్నాం కదా మరి?"

"అవును. నేను కూడా."

"నువ్వు మామూలోడివి కాదు," అని, పేర్ల కాగితం లాక్కుని తనదీ, తన వదినదీ, ఊళ్లో లేని తమ్ముడిదీ రాసేశాడు.

గీదంలో ఒక బట్టల దుకాణం సేఠ్ దగ్గర ఉన్నది నా కాపీ కాదు, నా కాపీకి జిరాక్సు. దాని జిరాక్సు జగదల్‌పూర్ పోయిందట. అటెండరు హిందీ, అక్కడి హల్బీ భాష కలిపి ఆయనకు అరగంట నచ్చజెప్పాడు. చివరికి సేఠ్ అడిగాడు, "తో నయా వాలా కబ్ ఆయేగా?" కొత్తది ఎప్పుడొస్తుందో శివకాశివాళ్లకే తెలియాలి. నా రిజిస్టరులో నకలుకు పుట్టిన నకళ్లకు నంబర్లు లేవు.

ముప్పై ఎనిమిది పుస్తకాలు వెనక్కి వచ్చాయి. పేర్లు అన్ని రాలేదు. కొందరు రాశారు. కొందరు "ఒకసారి విసుగొచ్చిన ఆట మళ్లీ ఎవరాడతారు సార్" అన్నారు, వాళ్లకు ఆ విసుగు పుట్టించింది నేనేనని ఎంత చెప్పినా విసుగు వెనక్కి రాలేదు. దీపావళి నాటికి లెక్క రెండు వందలకు ఇరవై మూడు తగ్గింది. శివకాశివాళ్లు అచ్చు వేయలేదు. ఆవిడ బ్లాగులో ఒక్క వాక్యం పెట్టింది. 'ఈసారికి బండి రద్దయింది.' నా పేరు ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను రిటైరై విజయనగరం వచ్చిన రెండో ఏడు ఒక ఉత్తరం వచ్చింది, ఆవిడ దగ్గర్నుంచే. స్క్రీన్ ప్రింటింగ్ చేసే స్నేహితురాలితో కలిసి ఆటను గుడ్డ మీద అచ్చు వేస్తున్నారట, ఒక యాభై మాత్రం. నియమాల పుస్తకం రాసుకుంటున్నారట. అందులో ఒక పేరా ఇలా ఉంది: 'స్టేషన్లను మీరు మూడు తరగతులుగా విడగొట్టిన పద్ధతి నాకు తట్టలేదు. అది చాలా బాగుంది. నా పుస్తకంలో వాడుకోవచ్చునా? మీకిష్టం లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, వేరేగా రాసుకుంటాను.'

జవాబు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. చివరికి, 'ఇందులో అడగడానికేముందమ్మా, అవన్నీ నీవే కదా' అని రాసి మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, నా చేతిలో పెన్ను తీసుకుని ఆ వాక్యం అడ్డంగా కొట్టేసింది.

"అడగడానికేముందని అప్పుడు మీరన్నదీ ఇదే కదండీ," అంది.

కొత్త కాగితం తీసుకున్నాను. 'మీరు అడిగారు. వాడుకోండి' అని రాశాను. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ఆ మధ్యాహ్నమే పోస్టు చేశాను.